వంశవృక్షం ఏ లిపిలో బయటికి రావాలి?

మా వంశవృక్షం కంప్యూటర్లోకి ఎక్కిన కథ ఇంతకుముందు రాశాం. తాతగారి నల్ల అట్ట పుస్తకం, అవ్వ నోటి లెక్కలు, ట్రంకు పెట్టెలో దొరికిన పెళ్ళి పత్రికల కట్ట, అన్నీ కలిపితే 412 పేర్లు తేలాయి. అప్పట్లో ఎక్కించడమే కష్టం అనుకున్నాం. ఎక్కించేది సులభం, దించేది కష్టం అని ఇప్పుడు తెలిసింది. ఒకరికి తెలుగులో పుస్తకం కావాలి. ఒకరికి తెలుగే కావాలి కానీ కన్నడ అక్షరాల్లో. అమెరికాలో ఉన్న బావకు అక్కడి వెబ్‌సైటు తీసుకునే ఫైలు కావాలి. ఇవి చాలవన్నట్టు మనలాగే బయట స్థిరపడిన ఇంకో రెండు కుటుంబాల వాళ్ళు, హోసూరు నుంచి ఒకరు, బరంపురం నుంచి ఒకరు, "మా లిపిలో కూడా రావాలి కదండీ" అని రాశారు. ఏది చెయ్యాలి, ఏది చెయ్యకూడదు అని ఆరు నెలలు మాలో మేము వాదులాడుకున్నాం. మీ ఇళ్ళలో ఎవరైనా ఇలాంటి పనికి దిగితే ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, అందుకే రాస్తున్నాం.

మేము అంటే మా పెద్దక్క, చిన్నాయన కొడుకు, ఈ రాత రాస్తున్న మేము. మా ఇంట్లో ఒక్కరే ఉన్నా 'మేము' అనే అంటారు, కాబట్టి ఎవరు ఏది చేశారో విడదీసి చెప్పడం కుదరదు, మన్నించాలి. బాగేపల్లి వైపు వాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మాకు ముందు వచ్చింది కన్నడ అక్షరాలే. తెలుగు అక్షరాలు పదో తరగతి సెలవుల్లో పెద్దనాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నవి. ఇప్పటికీ వేగంగా రాస్తే తలకట్టు కన్నడ మాదిరే పడుతుంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా బతుకుతెరువు. అంటే ఎవరో కట్టిన ఇంట్లో నీళ్ళు ఎక్కడ కారుతాయో వెతికే పని. కట్టేవాళ్ళకు మేమంటే అంత ఇష్టం ఉండదు.

మేము వాడేది గ్రాంప్స్ అనే సాఫ్ట్‌వేర్. 2001లో మొదలైన పని ఇది. పైథాన్‌లో రాసింది, ఉచితం, దాని కోడు ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. దానికి పక్కన తగిలించుకునే యాడాన్‌లు ఎవరైనా రాయొచ్చు. చిన్నాయన కొడుకు అలాంటిది ఒకటి రాశాడు. గ్రాంప్స్‌లో ఉన్న పేర్లు, తేదీలు, ఊళ్ళు, ఒక్కొక్కరి గురించి రాసుకున్న కథలు తీసుకుని, తెలుగు పుస్తకం పేజీల మాదిరి ఓడీటీలోనో పీడీఎఫ్‌లోనో ఇస్తుంది. వరసలు మన వరసలే. 'అంకుల్' అని ఒకే మాట కింద తోసెయ్యదు, మేనమామ వేరు, చిన్నాయన వేరు, పెద్దనాయన వేరు. దాన్ని జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ పెట్టాం. పెట్టిన రోజు ఎవరు వాడతారులే అనుకున్నాం. మూడో నెలకే అడిగేవాళ్ళు వచ్చారు.

అమెరికా బావ సంగతి ముందు చెప్పి పక్కన పెడతాం. ఆయన అడిగింది జెడ్‌కామ్. ఇది అరుదైన ఫార్మాటు కాదు, వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. అమెరికాలో లేటర్-డే సెయింట్స్ చర్చి వాళ్ళు 1984లో తెచ్చారు. 5.5.1 అనే రూపం 1999లో చిత్తుప్రతిగా బయటికి వచ్చి, 2019లో గానీ అధికారికం కాలేదు. ఆ 20 ఏళ్ళూ లోకం చిత్తుప్రతి మీదే నడిచింది. తర్వాత 2021లో 7.0 వచ్చింది. గ్రాంప్స్‌లో జెడ్‌కామ్ ముందే ఉంది, మేము చెయ్యాల్సింది ఏమీ లేదు. అయినా దాన్ని తెరిచి చూడాల్సి వచ్చింది, ఎందుకంటే బావ వెబ్‌సైటులో మా అవ్వ పేరు సగం అక్షరాలు, సగం చెత్తగా కనబడింది.

చూస్తే సంగతి ఇది. ఆ పాత రూపంలో ఒక వరుసలో 255 అక్షరాలు దాటకూడదు. దాటితే 'కాంక్' అనే గుర్తు పెట్టి కింది వరుసకి పోవాలి. పైగా మాటకీ మాటకీ నడుమ కాకుండా మాట మధ్యలోనే విరవమంటుంది, లేకపోతే ఖాళీ చోటు పోతుందని. ఇంగ్లీషు మాటను మధ్యలో విరిస్తే ఏమీ కాదు, తర్వాత అతికిస్తే సరి. తెలుగు మాటకు కూడా సరిగ్గా అతికిస్తే ఏమీ కాదు. కానీ యూటీఎఫ్-8లో మన ఒక్కో గుర్తుకు మూడు బైట్లు. ఆ వెబ్‌సైటు అక్షరాలకు బదులు బైట్లు లెక్కపెట్టి, ఒక అక్షరం నడుమన కత్తి పెడుతోంది. మూడు బైట్లలో రెండు పైన, ఒకటి కింద. ఇంక అది ఏ లిపీ కాదు. 7.0లో ఆ కాంక్‌నే తీసేశారు, మంచి పని చేశారు.

జెడ్‌కామ్‌లో ఇంకో వింత. కులం రాసుకోవడానికి దాంట్లో ప్రత్యేకంగా ఒక గుర్తు ఉంది. గోత్రానికి లేదు. తేదీలకు యూదుల పంచాంగం ఉంది, ఫ్రెంచి విప్లవం వాళ్ళు పన్నెండేళ్ళ పాటు వాడి వదిలేసిన క్యాలెండరు కూడా ఉంది. ప్రభవ, విభవ లేవు. తాతగారి పుస్తకంలో పాత పేర్లన్నిటికీ సంవత్సరాల పేర్లే ఉన్నాయి. 'రాక్షస' అని ఒక్క మాట రాసి ఉంటుంది, అది 1915లో వచ్చిన రాక్షసా, అంతకు 60 ఏళ్ళ ముందు వచ్చినదా అనేది కొడుకుల వయసులు చూసి తేల్చుకోవాలి. మా ముత్తాత ఇల్లటం అల్లుడు. ఆస్తి అత్తగారి వైపుది, ఇంటిపేరు తనది. జెడ్‌కామ్ కంటికి ఆయన మామూలు మొగుడే. మేనమామను చేసుకున్న అవ్వలు నలుగురున్నారు, చార్టులో ఒకే మనిషి రెండు చోట్ల కనబడతాడు, చూసినవాళ్ళు అన్నదమ్ములనుకుంటారు. ఇవన్నీ నోట్సులో రాసి పెట్టాం. అందరూ వాడే ఫార్మాటు అంటే అందులో అన్నీ పడతాయని కాదు అని చెప్పడానికే ఇంత రాశాం. బావకు ఫైలు పంపించాం, ఆయన సంతోషపడ్డాడు, ఆ కథ అయిపోయింది.

అసలు గొడవ కన్నడ అక్షరాల దగ్గర మొదలైంది.

అక్క అడిగింది. అక్క పిల్లలు, మా పిల్లలు, అత్తల పిల్లలు, అందరూ తెలుగు మాట్లాడతారు. తిట్టుకోవడం కూడా తెలుగులోనే. చదవడం మాత్రం రాదు. మొన్న గృహప్రవేశంలో భోజనాల దగ్గర ఊరికే లెక్కపెట్టాం: వచ్చినవాళ్ళలో తెలుగు పుస్తకం చదవగలిగినవాళ్ళు 20 మంది లోపే, అందులో సగానికి పైగా 60 దాటినవాళ్ళు. "ఈ పుస్తకం యాల చేస్తా ఉండాం? బీరువాలో పెట్టేకా?" అని అడిగింది అక్క. చిన్నాయన కొడుకు ఒప్పుకోలేదు. తెలుగు పుస్తకాన్ని కన్నడ లిపిలో ఇస్తే ఇంక ఎవరూ తెలుగు అక్షరాలు నేర్చుకోరు, మనమే చేతులారా తలుపు మూసినట్టు అని వాడి వాదన.

మాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. కానీ మా వైపు తెలుగును కన్నడ లిపిలో చదవడం కొత్తది కాదు. కైవారం తాతయ్య పదాలు తెలుగువి, మా ఊళ్ళలో భజనల్లో వాటిని కన్నడ లిపిలో చూసే పాడతారు. పాడేటప్పుడు ఎవరికీ అది వేరే భాష అనిపించదు. మా అమ్మ పచ్చళ్ళ కొలతలు కూడా అంతే, మాట తెలుగు, అక్షరం కన్నడ. కాబట్టి ఇది ఎవరో కొత్తగా తెచ్చిన ఫ్యాషను కాదు, మా ఇళ్ళలో ఎప్పుడూ ఉన్న అలవాటే.

పైగా ఇది చేసేది ఎంత సులభమో చెబితే నవ్వుతారు. యూనికోడ్‌లో మన దేశపు లిపులను 1988 నాటి ఐఎస్‌సీఐఐ అనే మన ప్రమాణం వరసలోనే పెట్టారు. తెలుగు 'క' సంఖ్య 3093. కన్నడ 'క' 3221. తేడా 128. 'ఖ'కీ అంతే, 'గ'కీ అంతే, దీర్ఘానికీ, గుడికీ, కొమ్ముకీ అంతే. తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే కన్నడ అక్షరం. అన్నదమ్ముల ఇళ్ళు పక్కపక్కన కట్టుకుంటే గదులన్నీ ఒకే వరసలో వచ్చినట్టు. రేఫ ముందొచ్చే 'శర్మ' లాంటి పేర్లు తెలుగులో ఒక రకంగా కనబడతాయి, కన్నడలో ఆ 'ర' పక్కకు జరిగి అర్కావత్తు అవుతుంది. దానికి మేము ఏమీ రాయనక్కర లేదు, ఫాంటే చూసుకుంటుంది. ఆ పేరు మొదటిసారి తెరమీద తనంతట తాను సర్దుకోవడం చూసి అక్క చప్పట్లు కొట్టింది.

మినహాయింపులు లేవని కాదు. తాతగారు అరసున్నలు వదలకుండా రాసేవారు. కన్నడ పట్టికలో ఆ చోటు చాలా ఏళ్ళు ఖాళీగా ఉండింది, ఇప్పుడు ఉన్నా చాలా ఫాంట్లలో సరిగ్గా కనబడదు, కనబడినా చదివే పిల్లలకు అదేమిటో తెలియదు. చివరికి కన్నడ ప్రతిలో అరసున్న వదిలెయ్యాలని, వదిలేశామని మొదటి పేజీలో రాయాలని తేల్చుకున్నాం. టెస్టింగులో మేము ఎప్పుడూ చూసేది ఒకటుంది: బయటికి పంపిన దాన్ని తిరిగి లోపలికి తెస్తే మొదట ఉన్నదే వస్తుందా? 412 పేర్లనూ కన్నడకు పంపి వెనక్కి తెచ్చాం. అరసున్నలు తప్ప అన్నీ వచ్చాయి. చిన్నాయన కొడుకు ఆ ఫలితం చూసి మూడు రోజులు మాట్లాడలేదు, నాలుగో రోజు తనే కోడు రాసి పంపాడు. ఒక షరతు పెట్టాడు: ప్రతి పేజీలో మనిషి పేరు మాత్రం పైన తెలుగులో, కింద కన్నడలో, రెండూ ఉండాలి. కనీసం తన పేరు తాను గుర్తుపట్టేంత తెలుగైనా రానీ అని. మంచి షరతు. అక్క కూడా ఎదురు చెప్పలేదు.

పెద్దనాయన అడిగిందే కష్టమైంది.

పెద్దనాయనకు 84 ఏళ్ళు. తాతగారి పుస్తకాన్ని కాపాడింది ఆయనే. వరద నీళ్ళు ఇంట్లోకొచ్చిన ఏడాది దాన్ని తలగడ గలీబులో చుట్టి అటక మీద పెట్టారు. ఆయనకు పుస్తకం అచ్చులో కావాలి, హిందూపురంలో తనకు తెలిసిన ప్రెస్సులోనే కావాలి. గుడి పత్రికలు, పెళ్ళి పత్రికలు, సంవత్సరీకాల కార్డులు 40 ఏళ్ళుగా అక్కడే వేయించారు. అక్కడి డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో పని చేస్తారు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, దాని తర్వాత కొత్త రూపం రాలేదు. అది యూనికోడ్ తీసుకోదు. మా ఓడీటీ నుంచి తెలుగు తీసి అందులో పెడితే వరసగా ప్రశ్నార్థకాలు. "పీడీఎఫ్ ఇస్తే అచ్చు వేస్తాను సార్, కానీ ప్రూఫులో తప్పు దొరికితే నేను దిద్దలేను" అన్నారాయన. పెద్దనాయనకు ప్రూఫు దిద్దడమే పండగ. ఎర్ర పెన్ను, కళ్ళజోడు, ప్రెస్సు వాళ్ళు తెప్పించే టీ. అవి లేకుండా అచ్చైన పుస్తకం ఆయనకు పుస్తకం కాదు.

కాబట్టి అడిగారు: "మీ సాఫ్ట్‌వేర్లోనే ఆ అక్షరాలు వచ్చేట్టు చెయ్యరా? ఇన్ని చేస్తారు కదా."

పాత ఫాంట్ల సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు. యూనికోడ్‌లో 'కృష్ణ' అంటే క, రుత్వం, ష, పొల్లు, ణ అని అర్థం రాసి ఉంటుంది, బొమ్మ గీసే పని ఫాంటుది. పాత ఫాంట్లలో బొమ్మే రాసి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన చోట్లలో తలకట్టు ముక్క ఒకటి, ఒత్తు ముక్క ఒకటి, కొమ్ము ముక్క ఒకటి పెట్టి, వాటిని పక్కపక్కన పేర్చి అక్షరంలాగా కనబడేట్టు చేస్తారు. కర్ణాటకలో ఆఫీసు పనులు చేసినవాళ్ళకు నుడి తెలుసు కదా, అదీ అలాంటిదే. ఫాంటు మారిస్తే మొత్తం గజిబిజి. ఏ ముక్క ఏ చోట ఉందో చెప్పే పట్టిక మన చేతిలో ఉండదు, అచ్చు చూసి ఒక్కొక్కటీ రాసుకోవాలి. రెండు హల్లుల ఒత్తులు మాత్రమే లెక్కేసినా 35 సార్లు 35, అంటే 1225. వాటి మీద గుణింతాలు. అన్నీ తెలుగులో రావు, నిజమే. కానీ ఇంటిపేర్లలో ఏది వస్తుందో ఎవరు చెప్పగలరు? మామూలు వాక్యంలో ఒక అక్షరం తప్పు పడితే చదివేవాడు సర్దుకుంటాడు. పేరులో తప్పు పడితే ఆ మనిషే మారిపోతాడు.

చిన్నాయన కొడుకు ఒక్క మాటలో తేల్చేశాడు. ఒక్క ముసలాయన కోసం, ఒక్క ప్రెస్సు కోసం ఇంత రాయాలా అన్నాడు. అక్కకు కోపం వచ్చింది. "ఆ ఒక్క ముసలాయన లేకపోతే ఈ 412 పేర్లు యాడనుంచి వచ్చినాయిరా?" అంది. దానికి జవాబు లేదు.

ఎంతమంది వాడతారు అనే లెక్కతో ఇలాంటివి తేలవు. గ్రాంప్స్‌లోనే చూడండి, జెనివెబ్ అనే ఫార్మాటులోకి పంపే వీలుంది. అది ఫ్రాన్సులో పుట్టిన సాఫ్ట్‌వేర్, మన వైపు దాని పేరు విన్నవాళ్ళు ఎంతమంది? అయినా అది ఎవరికో ప్రాణం. ఎవరో రాశారు, ఎవరో చూసుకుంటున్నారు, ఉంది. మేము అడగాల్సింది 'ఎంతమంది' అని కాదు, 'ఎన్నాళ్ళు, ఎవరు' అని. గ్రాంప్స్ కొత్త రూపం వచ్చినప్పుడల్లా యాడాన్‌ను దానికి సరిచెయ్యాలి. సరిచేసిన ప్రతిసారీ అన్ని ఫార్మాట్లనూ మళ్ళీ పరీక్షించాలి. అది చేసేది మేమే, ఆదివారాలే. ఒకసారి ఇచ్చాక తీసేసేది ఇంకా కష్టం. లిబ్రేఆఫీస్ వాళ్ళు 2013లో 4.0 రూపంతో పాత స్టార్‌ఆఫీస్ ఫైళ్ళు చదివే కోడును తీసేశారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, పాత కోడు ముట్టుకోవాలంటే ఎవరికైనా భయమే. కానీ ఆ ఫైళ్ళు ఉన్నవాళ్ళు ఉన్నారు, తర్వాత వేరేవాళ్ళు కూర్చుని వాటిని చదివే లైబ్రరీ మళ్ళీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది. పాన్‌డాక్ వాళ్ళది ఇంకో దారి, వాళ్ళు పదుల ఫార్మాట్లు తామే ఇస్తారు, అందులో లేనిది కావాలంటే లువాలో మీరే రాసి తగిలించుకోండి అని తలుపు తెరిచి పెట్టారు. మాకు ఆ దారి నచ్చింది. కానీ పెద్దనాయన లువా రాయరు కదా.

చివరికి ఇలా చేశాం. అను ఫాంట్ల ఫార్మాటును యాడాన్‌లో పెట్టలేదు. దానికి బదులు యూనికోడ్ పాఠాన్ని బయట దొరికే ఒక కన్వర్టరుతో ఒక్కసారికి మార్చి, ముగ్గురం నాలుగు ఆదివారాలు కూర్చుని ప్రతి పేరునూ తాతగారి పుస్తకంతో సరిచూశాం. 412 పేర్లలో 37 దిద్దాల్సి వచ్చింది. ఎక్కువగా 'జ్ఞ', 'త్స్న' లాంటివి. అది పెన్‌డ్రైవులో వేసుకుని హిందూపురం పోయాం. పెద్దనాయనకు ఎట్లా చెప్పాలా అని భయపడ్డాం, సాఫ్ట్‌వేర్లో చెయ్యలేదు, చేత్తో చేశాం అని. ఆయన విని, "బావి తవ్వేది వేరే, చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చేది వేరే. నాకు దప్పికైంది, నీళ్ళు తెచ్చినారు. ఇంకేమి?" అని ఎర్ర పెన్ను తీసుకున్నారు. మేము సరిచూసి తెచ్చిన దాంట్లో ఇంకా 11 తప్పులు పట్టారు. అందులో రెండు తాతగారివే.

తెలుగువి 60, కన్నడవి 150 ప్రతులు వేయించాం. కన్నడవి మాత్రం బెంగళూరులో నేరుగా మా పీడీఎఫ్ నుంచే అచ్చయ్యాయి.

ఇక హోసూరు, బరంపురం. అడిగినవాళ్ళు మా వాళ్ళు కారు, కానీ కష్టం మాదే. తమిళ అక్షరాలు తెలుగు నుంచి 128 తీసేస్తే వస్తాయి, ఒడియా అక్షరాలు 256 తీసేస్తే వస్తాయి. లెక్క అంతే సులభం. కానీ ఆ ఇళ్ళలో గదులన్నీ లేవు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. గోపాలు కోపాలు అవుతాడు. సంస్కృతం అచ్చువేసే కొన్ని తమిళ పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేసి తేడా చూపిస్తారు. అది చెయ్యమంటారా అని హోసూరాయన్ను అడిగాం. "వద్దండి, మా పిల్లలు అది చూస్తే లెక్కల పుస్తకం అనుకుంటారు. కోపాలు అని రాసినా గోపాలు అనే చదువుతారు, మా తాతను వాళ్ళకు తెలుసు" అన్నారు. నిజమే, తెలిసినవాళ్ళకు తెలుసు. యాభై ఏళ్ళ తర్వాత చదివేవాళ్ళకు? ఆ ప్రశ్న ఆయనకే వదిలేశాం. తమిళ ప్రతిని ఇచ్చాం, కానీ దాని మీద 'దీని నుంచి తిరిగి తెలుగులోకి తేవడం కుదరదు' అని ఒక వరుస ముద్రించాం, తెలుగు ఫైలు పారేయవద్దని కూడా. ఆయన అప్పటినుంచి ప్రతి కొత్త రూపం వచ్చినప్పుడు తన ఇంటి పేర్ల జాబితాతో పరీక్షించి ఫలితం పంపుతున్నారు. అది లేకపోతే మేము ఒప్పుకునేవాళ్ళం కాదు. ఆ లిపి చదివే మనిషి ఒకరు మాతో ఉంటేనే ఆ ఫార్మాటు ఉంటుంది, ఆ మనిషి మానుకుంటే ఒక ఏడాది చూసి తీసేస్తాం అని రాసి పెట్టాం. తమిళం చదవలేని మేము తమిళ ప్రతి బాగుందని ఎట్లా చెప్పగలం? కన్నడకు మేమే ఆ మనుషులం.

ఒడియాది ఇంకా తేలలేదు. అక్కడ గ, ఘ అన్నీ ఉన్నాయి, చాలా అక్షరాలు హాయిగా సర్దుకుంటాయి. కానీ ఎ, ఏ వేరు కావు. ఒ, ఓ వేరు కావు. మన పొట్టి ఎకారం ఉండాల్సిన చోట వాళ్ళ పట్టికలో ఖాళీ, మొదటిసారి నడిపితే వరసగా డబ్బాలు వచ్చాయి. రెండింటినీ ఒకే అక్షరంలో పడేస్తే డబ్బాలు పోతాయి, కానీ మెడకూ మేడకూ తేడా కూడా పోతుంది. బరంపురం ఆయన పరీక్షించడానికి 40 పేర్ల జాబితా పంపారు. నడిపి చూశాం. 33 సరిగ్గా వచ్చాయి. రానివాటిలో మొదటిది వాళ్ళ ఇంటిపేరు, మేడ వారు. ఈ ఆదివారం ఆయనకు ఫోను చేసి, మెడ వారుగా ఉండడానికి ఆయన పిల్లలు ఒప్పుకుంటారేమో అడగాలి.